‘పై’ అంకెల ధారణ: పద్యసంఖ్య నుంచి వినోదక్రీడ దాకా

వ్యాససంగ్రహం:
వృత్తపరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని ‘పై’ అంటారు. దశాంశాలలో దీనికి అంతం లేదు, ఆవృత్తి లేదు. ఆధునిక కాలంలో ఈ అంకెలను వేల సంఖ్యలో కంఠస్థం చేసి అప్పజెప్పడం ఒక వినోదంగా, పోటీగా స్థిరపడింది. భారతీయ గణితగ్రంథాలు ఇదే విలువను భూతసంఖ్యలతోనూ, కటపయాది పద్ధతితోనూ శ్లోకాలలో నిక్షేపించాయి. ఈ రెండింటి ప్రయోజనాలు వేరైనా, అర్థం లేని అంకెలకు భాషారూపమో స్థానరూపమో కల్పించి నిలుపుకోవడం రెండింటిలోనూ కనిపిస్తుంది. ఈ సామ్యభేదాలను చారిత్రకంగా పరిశీలించి, ‘పై’ విలువను చెప్పే ఒక ప్రసిద్ధ శ్లోకం ప్రాచీనతను అంతర్గత ఆధారాలతో పరీక్షించి, తెలుగు ఛందస్సులో ఈ ప్రక్రియకు ఉన్న అవకాశాలను, అవరోధాలను నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలకపదాలు: ‘పై’ విలువ, ధారణ, కటపయాది, భూతసంఖ్య, అవధానం, ప్రాస, ఉపజాతి పద్యాలు.

1. ప్రవేశిక

మనిషి కంఠస్థం చేసే విషయాలలో అధికభాగానికి ఏదో ఒక అర్థముంటుంది. పద్యానికి భావముంది, మంత్రానికి వినియోగముంది, వంశావళికి బంధుత్వముంది. ‘పై’ దశాంశాలకు అటువంటి ఆలంబన ఏదీ లేదు. ఒక అంకె తరువాత ఏ అంకె వస్తుందో ఊహించడానికి ముందున్న అంకెలు సహాయపడవు. ఈ నిష్పత్తిని పూర్ణసంఖ్యల భిన్నంగా రాయడం అసాధ్యమని 1761లో లాంబర్ట్ నిరూపించాడు. ఇది బీజాతీత సంఖ్య అని 1882లో లిండెమన్ నిరూపించాడు. గ్రీకు అక్షరమైన ‘పై’ని ఈ నిష్పత్తికి సంకేతంగా 1706లో విలియమ్ జోన్స్ వాడాడు.

ఇన్ని అంకెలతో లోకవ్యవహారానికి పనిలేదు. అంతరిక్షనౌకల గమనాన్ని లెక్కించే నాసా శాస్త్రజ్ఞులకు పదిహేను దశాంశాలు చాలు. అయినా వేల అంకెలను నేర్చుకొనేవారున్నారు. ప్రయోజనం లేని ఈ శ్రమ వెనుక ఏముంది, దీనికి భారతీయ ధారణా సంప్రదాయంతో సంబంధముందా అన్నవి ఇక్కడి ప్రశ్నలు. సంబంధం ఉందని తొందరపడి చెప్పినవారూ ఉన్నారు. ఆ తొందరపాటు వల్ల ఏర్పడిన ఒక అపోహను సవరించడం కూడా అవసరం.

2. శాస్త్రప్రయోజనం కోసం పద్యసంఖ్య

క్రీ.శ. 499 నాటి ఆర్యభటీయంలో వ్యాసం 20,000 అయినప్పుడు పరిధి 62,832 అని ఉంది. అంటే 3.1416. ఆర్యభటుడు దీనిని ‘ఆసన్న’ విలువ అన్నాడు. ఇది సమీపవిలువే కాని సంపూర్ణవిలువ కాదన్న ఎరుక ఆ మాటలో ఉంది. 9వ శతాబ్దిలో మహావీరాచార్యుడు గణితసారసంగ్రహంలో స్థూలవ్యవహారానికి 3ను, సూక్ష్మగణనకు 10 యొక్క వర్గమూలాన్ని గ్రహించాడు. పావులూరి మల్లన తెలుగు చేసింది ఈ గ్రంథాన్నే. గణితాన్ని పద్యంలో చెప్పి, పద్యంలో నేర్చి, పద్యంలో గుర్తుంచుకొనే మార్గం ఆ విధంగా తెలుగులోనూ తొలినాళ్లలోనే ఏర్పడింది.

సంఖ్యను పద్యంలో ఇమిడ్చేందుకు రెండు ముఖ్యపద్ధతులున్నాయి. మొదటిది భూతసంఖ్యాపద్ధతి. ఇందులో లోకప్రసిద్ధమైన వస్తువులు సంఖ్యలను సూచిస్తాయి. నేత్రం రెండు, గుణం మూడు, వేదం నాలుగు, గజం ఎనిమిది. తెలుగుదేశపు శాసనాలలోని సంస్కృత శ్లోకాలలో శకవర్షాలను చెప్పడానికి ఈ పద్ధతి విరివిగా ఉపయోగపడింది. సంగమగ్రామ మాధవుని పేర నీలకంఠ సోమయాజి ఆర్యభటీయ భాష్యంలో ఉదాహరించిన శ్లోకం కూడా ఈ పద్ధతిలోనిదే. వ్యాసం 9,00,00,00,00,000 అయితే పరిధి 28,27,43,33,88,233 అని ఆ శ్లోకార్థం. భాగించి చూస్తే 3.14159265359 వస్తుంది. ఇది పదకొండు దశాంశాల దాకా సవరించిన సరైన విలువ.

రెండవది కటపయాది పద్ధతి. క, ట, ప, య వర్ణాలతో మొదలుపెట్టి వరుసగా అంకెలు నిర్ణయిస్తారు. ‘క’ నుంచి ‘ఝ’ వరకు, ‘ట’ నుంచి ‘ధ’ వరకు ఒకటి నుంచి తొమ్మిది. ‘ప’ నుంచి ‘మ’ వరకు ఒకటి నుంచి అయిదు. ‘య’ నుంచి ‘ళ’ వరకు తిరిగి ఒకటి నుంచి తొమ్మిది. ‘ఞ’, ‘న’, హల్లుతో కలవని అచ్చులు సున్న. సంయుక్తాక్షరంలో చివరి హల్లుకే విలువ. అనుస్వారానికి, పొల్లుకు లెక్క లేదు. హల్లుపై ఏ అచ్చు ఉన్నా అంకె మారదు. అందువల్ల కవికి పదాలను ఎన్నుకొనే స్వేచ్ఛ దొరుకుతుంది.

కర్ణాటక సంగీతంతో పరిచయమున్న తెలుగువారికి ఈ పద్ధతి కొత్తది కాదు. డెబ్బైరెండు మేళకర్తల పేర్లలో మొదటి రెండక్షరాల అంకెలను తిరగవేస్తే మేళసంఖ్య వస్తుంది. ‘ధీరశంకరాభరణం’లో ధీ 9, ర 2, తిరగవేస్తే 29. ‘మేచకల్యాణి’లో మే 5, చ 6, తిరగవేస్తే 65. శంకరాభరణానికి ‘ధీర’, కల్యాణికి ‘మేచ’ చేరింది ఈ సంఖ్యల కోసమే. గుర్తుంచుకోవలసిన సంఖ్య కోసం పేరునే మార్చుకున్న సందర్భమిది.

కేరళ గణితజ్ఞులు ‘పై’ విలువకు ఈ పద్ధతిని వాడారు. పుతుమన సోమయాజి కరణపద్ధతిలోని శ్లోకం పది దశాంశాలకు సవరించిన విలువను ఇస్తుంది. 19వ శతాబ్ది తొలిపాదంలో కడత్తనాడు రాజవంశీయుడు శంకరవర్మ రచించిన సద్రత్నమాలలోని శ్లోకపాదం పదిహేడు దశాంశాలకు సవరించిన విలువను ఇస్తుంది. రెండింటిలోనూ అక్షరాలను చివరి నుంచి మొదటికి చదివితేనే సంఖ్య తెలుస్తుంది. అంకెలు కుడి నుంచి ఎడమకు నడుస్తాయన్నది ఈ సంప్రదాయంలో స్థిరమైన నియమం.

ఈ శ్లోకాలన్నీ పది, పదకొండు, పదిహేడు స్థానాల వద్ద ఆగిపోయాయి. గ్రహగణితానికి అంతకు మించిన సూక్ష్మత అవసరం లేదు. పైగా అనంతశ్రేణుల ద్వారా ఎంత దూరమైనా వెళ్లే మార్గం మాధవుని పరంపరకు తెలుసు. వారు గుర్తుంచుకోవలసినది విలువను రాబట్టే విధానం. అంకెల వరుస ఆ విధానానికి ఫలం మాత్రమే.

3. ఒక శ్లోకం – ప్రాచీనతా పరీక్ష

‘వేదాలలోనే పై విలువ ముప్పైరెండు అంకెల దాకా ఉంది’ అన్న మాట ఉపన్యాసాలలో, పత్రికలలో తరచు వినిపిస్తుంది. దీనికి ఆధారంగా చూపేది గోపీకృష్ణ ప్రస్తావనతో మొదలయ్యే ఒక కటపయాది శ్లోకం. దానిని కృష్ణపరంగానూ శివపరంగానూ అన్వయించవచ్చునని చెబుతారు. ఈ శ్లోకాన్ని ప్రచారంలోకి తెచ్చినది పూరీ గోవర్ధనపీఠాధిపతి భారతీకృష్ణ తీర్థుల ‘వేదిక్ మ్యాథమెటిక్స్’ గ్రంథం. 1960లో ఆయన కాలధర్మం చెందిన తరువాత, 1965లో అది వెలువడింది. ఆ గ్రంథంలోని పద్ధతులకు వేదవాఙ్మయంలో ఆధారం లేదని ఎస్.జి. దాని వంటి గణితజ్ఞులు ఇదివరకే చెప్పారు. ఈ శ్లోకం విషయంలో అంతర్గత ఆధారాలు కూడా అదే దిశను చూపుతాయి.

మొదటిది, చదివే దిశ. ఈ శ్లోకంలో అంకెలు ఎడమ నుంచి కుడికి వస్తాయి. కరణపద్ధతి, సద్రత్నమాలల వాడుకకు ఇది విరుద్ధం. నేటి ముద్రిత సంఖ్యను చూస్తూ అక్షరాలు కూర్చినవారికి సహజమైన దిశ ఇదే.

రెండవది, సంఖ్యారూపం. ప్రాచీన శ్లోకాలు ‘ఇంత వ్యాసానికి ఇంత పరిధి’ అని చెబుతాయి. వాటిలో వ్యాసం కూడా పద్యంలో భాగమే. ఈ శ్లోకంలో వ్యాసం ప్రస్తావన లేదు, అంకెల వరుస మాత్రమే ఉంది. దశాంశ విస్తరణను స్వతంత్రవస్తువుగా చూసే దృష్టి ఆధునికమైనది.

మూడవది, చివరి అంకె. శ్లోకంలోని తొలి 31 అంకెలు సరైనవి. 32వ స్థానంలో 5 ఉండాలి. శ్లోకం చివరి అక్షరం ‘ర’ కావడంతో అక్కడ 2 వస్తుంది. సవరణసూత్రం ప్రకారం కూడా ఆ 2 కుదరదు. పద్యపూర్తి కోసం చివరి అక్షరంలో రాజీపడినట్లు ఇది స్పష్టం చేస్తుంది.

నాలుగవది, గణితచరిత్ర. శ్లోకంలో నిక్షేపించాలంటే ముందుగా ఆ విలువ తెలిసి ఉండాలి. కేరళ శ్లోకాలలో సంఖ్య వెనుక దానిని సాధించే శ్రేణులూ వాటి ఉపపత్తులూ ఉన్నాయి. 31 అంకెల విలువను సాధించే గణితం వేదవాఙ్మయంలో ఎక్కడా లేదు.

ఇంతమాత్రాన ఈ శ్లోకం విలువ తగ్గదు. ముప్పైఒక్క అంకెలను ఒక స్తుతిశ్లోకంలో దోషం లేకుండా కూర్చడం గొప్ప నైపుణ్యం. అది 20వ శతాబ్దిలో ప్రచారమైన చక్కని చిత్రకవిత్వం. దానిని వేదమనడం వల్ల రెండు నష్టాలు జరుగుతున్నాయి: రచనానైపుణ్యానికి దక్కవలసిన ప్రశంస మరుగునపడుతున్నది, నిజంగా ఈ విలువను సాధించిన మాధవుని పరంపర వెనుకకు పోతున్నది.

4. వినోదంగా అంకెల ధారణ

ఐరోపాలో కూడా మొదట ఈ అంకెలు లెక్కించినవారి ఆస్తి. లుడాల్ఫ్ వాన్ క్యూలెన్ జీవితంలో అధికభాగం వెచ్చించి 35 దశాంశాలను సాధించాడు. అవి లైడెన్‌లోని ఆయన సమాధిఫలకంపై చెక్కబడ్డాయి. విలియమ్ షాంక్స్ 1873లో 707 దశాంశాలను ప్రకటించాడు. 1937లో పారిస్‌లోని ఒక విజ్ఞానప్రదర్శనశాల గుమ్మటం లోపల వాటిని అలంకారంగా అమర్చారు. 528వ స్థానం నుంచి షాంక్స్ లెక్క తప్పని 1940లలో ఫెర్గూసన్ కనుగొన్నాడు. 1949లో గోడపై అంకెలను సరిచేశారు. అదే ఏడాది ఎనియాక్ యంత్రం రెండువేలకు పైగా దశాంశాలను లెక్కించింది. లెక్కించే భారం యంత్రానికి పోయిన తరువాత మనిషికి మిగిలింది ధారణ.

1981లో మంగళూరులో రాజన్ మహదేవన్ 31,811 అంకెలను అప్పజెప్పాడు. 1987లో జపాన్‌కు చెందిన హిదెయాకి తొమొయొరి 40,000 అంకెలకు చేరాడు. 2005 నవంబరులో చైనా విద్యార్థి లూ చావో 24 గంటలకు పైగా కూర్చొని 67,890 అంకెలు చెప్పాడు. తరువాతి అంకె 0 కాగా 5 అనడంతో ఆగిపోయాడు. 2006లో అకిరా హరగుచి లక్ష అంకెలు చెప్పాడు గాని దానికి గిన్నిస్ గుర్తింపు రాలేదు. 2015 మార్చి 21న వెల్లూరులోని విశ్వవిద్యాలయంలో రాజ్‌వీర్ మీనా కళ్లకు గంతలు కట్టుకొని, దాదాపు పదిగంటలలో 70,000 అంకెలు చెప్పాడు. 1988లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఎక్స్‌ప్లొరటోరియంలో ల్యారీ షా మొదలుపెట్టిన ‘పై దినోత్సవం’ ఈ వినోదాన్ని పాఠశాలల దాకా తీసుకువెళ్లింది.

వీరి పద్ధతులను గమనిస్తే, అంకెలను అంకెలుగానే మోసినవారు అరుదు. హరగుచి అంకెలకు జపనీయ అక్షరధ్వనులను కేటాయించి కథలుగా అల్లుకున్నాడు. లూ చావో రెండేసి అంకెలకు ఒక్కొక్క చిత్రాన్ని ఊహించి కథగా కలిపాడు. ఆంగ్లంలో పదంలోని అక్షరాల సంఖ్యను అంకెగా తీసుకొనే రచనాప్రక్రియ ఉంది. మైక్ కీత్ 1996లో 3,800కు పైగా అంకెలను, 2010లో ఒక గ్రంథంగా 10,000 అంకెలను ఈ పద్ధతిలో కూర్చాడు. రాజన్ మహదేవన్ మాత్రం కథలు అల్లలేదు. అంకెలను వరుసలుగా, నిలువుగా పేర్చిన పట్టికగా భావించుకొని స్థానాన్ని బట్టి గుర్తుచేసుకొనేవాడు. అతని శక్తి సహజమైనదా అభ్యాసంతో వచ్చినదా అని మనోవిజ్ఞానులు చాలాకాలం చర్చించారు. ఎరిక్సన్, అతని సహచరులు 2004లో ప్రకటించిన పరిశోధన అభ్యాసం వైపే మొగ్గింది. అంతకుముందు 1980లో ఛేస్, ఎరిక్సన్‌లు ప్రకటించిన పరిశోధనలో ఒక సాధారణ విద్యార్థి దాదాపు రెండేళ్ల సాధనతో ఒక్కసారి విన్న 79 అంకెలను తిరిగి చెప్పగలిగాడు. అతడు పరుగుపందేల క్రీడాకారుడు. అంకెలను పరుగు సమయాలుగా మార్చుకున్నాడు. తాను ముందే ఎరిగిన లోకంలోనికి కొత్త అంకెలను తెచ్చుకోవడమే అతని రహస్యం.

‘పై’లో 762వ దశాంశస్థానం నుంచి ఆరు తొమ్మిదులు వరుసగా వస్తాయి. దీనికి ‘ఫైన్‌మన్ బిందువు’ అని పేరు. గణితంలో దీనికి ప్రత్యేకత ఏమీ లేదు. ధారకులకు మాత్రం ఇది దారిలో మజిలీ. అర్థం లేనిచోట అర్థాన్ని వెతుక్కొనే మనస్సుకు ఇంతకంటే మంచి నిదర్శనం లేదు.

5. అవధానధారణతో పోలిక

తెలుగువారికి ధారణ అనగానే అవధానం గుర్తుకు వస్తుంది. తిరుపతి వేంకటకవుల వంటివారి శతావధానాలలో పూరణల తరువాత అన్ని పద్యాలనూ వరుసగా అప్పజెప్పడం సభకు పరాకాష్ఠ. అక్కడ ధరించవలసినది అవధాని తానే నిర్మించినది. ఛందస్సు, యతిప్రాసలు, భావం కలిసి జ్ఞాపకానికి కాపలా కాస్తాయి. ఒక అక్షరం జారితే గణభంగమో అర్థభంగమో వెంటనే హెచ్చరిస్తుంది.

‘పై’ ధారణకు దగ్గరగా వచ్చే అంశం వ్యస్తాక్షరి. పృచ్ఛకుడు ఒక వాక్యంలోని అక్షరాలను వరుస తప్పించి, స్థానసంఖ్యతో సహా మధ్యమధ్యలో అందిస్తాడు. అవధాని చివరికి వాటిని క్రమంలో పెట్టి వాక్యాన్ని చెప్పాలి. అంకె, స్థానం అనే జంటను మోయడం రెండింటిలోనూ సమానం. వ్యస్తాక్షరిలో కొన్ని అక్షరాలు చేరగానే భాష తోడు వస్తుంది, మిగిలినవి ఊహకు అందుతాయి. ‘పై’ అంకెలలో 69,999 తెలిసినా డెబ్బైవేలవది ఊహకు అందదు. వేదాధ్యయనంలో పదాలను ముందువెనుకలుగా వల్లించే క్రమ, జట, ఘన పాఠాలు దోషనివారణకు ఏర్పడినవి. ‘పై’ ధారకునికి అటువంటి కాపలా సహజంగా లేదు. తన కాపలాను తానే నిర్మించుకోవాలి.

మరొక భేదం ఫలానికి సంబంధించినది. అవధానసభలో శ్రోత పద్యాన్ని ఆస్వాదిస్తాడు. అంకెల ధారణలో శ్రోత సరిచూచేవాడు మాత్రమే. కథలు, చిత్రాలు ధారకుని మనస్సులోనే ఉండిపోతాయి. సభకు అంకెలే వినిపిస్తాయి.

6. తెలుగు పద్యంలో ‘పై’: అవకాశాలు, అవరోధాలు

కటపయాది పద్ధతిలో అక్షరానికొక అంకె చొప్పున ‘పై’ విలువను తెలుగులో చెప్పడం సాధ్యమే. ‘బాట వైపు మేళం, రాచమాల’ అన్న పదబంధాన్ని తీసుకుంటే బా 3, ట 1, వై 4, పు 1, మే 5, ళం 9, రా 2, చ 6, మా 5, ల 3 అవుతాయి. అంటే 3.141592653. ఎడమ నుంచి కుడికి చదివే ఆధునిక రీతిలో ఇందులో పది అంకెలున్నాయి. ఆంగ్లపద్ధతిలో పది అంకెలకు పది పదాలు కావాలి. ఇక్కడ నాలుగు పదాలు చాలాయి.

అయితే తెలుగు స్వభావం కొన్ని చిక్కులు తెస్తుంది. ‘పై’లో మొదటి సున్న 32వ దశాంశస్థానంలో వస్తుంది. అక్కడిదాకా లెక్కకు వచ్చే ‘న’కారం ఒక్కటి కూడా ఉండరాదు. ‘ని’, ‘ను’, ‘న’ అనే విభక్తిప్రత్యయాలను విడిచిపెట్టి తెలుగు వాక్యం నడపడం కష్టం. అచ్చుతో మొదలయ్యే పదాలు సంధిలో కలిసిపోతే తప్ప పనికిరావు. అచ్చతెలుగు పదాలకే పరిమితమైతే వత్తక్షరాలు దొరకవు కనుక తొమ్మిదికి ‘ళ’ ఒక్కటే గతి. ‘ళ’తో తెలుగుపదం మొదలుకాదు. కాబట్టి ప్రతి తొమ్మిదీ పదమధ్యంలోనో పదాంతంలోనో పడాలి.

అసలైన అవరోధం ప్రాస. వృత్తాలలో నాలుగు పాదాల రెండవ అక్షరంలోని హల్లు ఒకటే కావాలి. హల్లు ఒకటైతే కటపయాదిలో అంకె కూడా ఒకటే అవుతుంది. మొదటి పాదంలో రెండవ అక్షరం 1ని సూచించాలి. శార్దూలంలో పాదానికి 19 అక్షరాలు. రెండవ పాదపు ప్రాసస్థానం 21వది, అక్కడి అంకె 6. ఉత్పలమాల, మత్తేభాలలో అది 22వది, అక్కడి అంకె 2. చంపకమాలలో 23వది, అక్కడి అంకె 6. ప్రాసమైత్రి మినహాయింపులను పక్కన పెడితే, 3తో మొదలుపెట్టి అక్షరానికొక అంకెగా ‘పై’ విలువను ఈ నాలుగు ప్రసిద్ధవృత్తాలలో దేనిలోనూ రెండు పాదాలు కూడా నడపలేము. ఇది కవి ప్రతిభకు సంబంధించిన పరిమితి కాదు. సంఖ్యాస్వభావమూ ప్రాసనియమమూ కలవని చోటు.

ప్రాసనియమం లేని తేటగీతి, ఆటవెలది, సీసం అనే ఉపజాతులకు ఈ అడ్డంకి లేదు. పాదంలో అక్షరసంఖ్య స్థిరంగా ఉండకపోవడం కూడా అక్కడ అనుకూలమే. యతికి బదులు ప్రాసయతి వాడుకొనే వీలు మరొక వెసులుబాటు. ‘పై’ అంకెలకు తెలుగులో తగిన పాత్ర సంస్కృతవృత్తం కాదు, దేశిచ్ఛందస్సు. సంస్కృత అనుష్టుప్పులో పై శ్లోకం సాధ్యపడడానికి కూడా అక్కడ ప్రాసనియమం లేకపోవడమే ఒక కారణం.

7. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి.

1. భారతీయ గణితగ్రంథాలలోని ‘పై’ శ్లోకాలు శాస్త్రప్రయోజనానికి ఏర్పడి, ఆ ప్రయోజనం తీరినచోట ఆగాయి. ఆధునిక ధారణ ప్రయోజనం తీరిన తరువాతనే మొదలవుతుంది. రెండింటినీ ఒకే సంప్రదాయంగా చూపడం చారిత్రకంగా సరికాదు.

2. అర్థం లేని అంకెలు అలాగే నిలవవు. వాటిని అక్షరంగానో, చిత్రంగానో, పట్టికలోని స్థానంగానో మార్చుకోవలసిందే. ఈ అంశంలో మాత్రం కటపయాది శ్లోకకర్తకూ నేటి ధారకునికీ బంధుత్వముంది.

3. ముప్పైరెండు అంకెల శ్లోకం వేదకాలానిది కాదని చదివే దిశ, వ్యాసం ప్రస్తావన లేకపోవడం, చివరి అంకెలోని దోషం, గణితచరిత్ర సూచిస్తున్నాయి. దానిని ఆధునిక చిత్రకవిత్వంగా గౌరవించడమే న్యాయం.

4. తెలుగులో ఈ ప్రక్రియకు ప్రసిద్ధవృత్తాలు అనుకూలించవు. తేటగీతి, ఆటవెలది, సీసాలు అనుకూలిస్తాయి.

అవధానవేదికలపై నిషిద్ధాక్షరికి, న్యస్తాక్షరికి చోటున్నట్లే సంఖ్యాబద్ధమైన పూరణకూ చోటుండవచ్చు. పృచ్ఛకుడు అంకెల వరుసను ఇస్తే అవధాని దానిని తేటగీతిలో నిలిపి, చివరికి పద్యంతోపాటు అంకెలనూ ధారణ చేయవచ్చు. అప్పుడు అంకెల ధారణలో ధారకునికే పరిమితమైన ఆనందం శ్రోతకు కూడా అందుతుంది. ఆ పద్యం పాతదని చెప్పుకోవలసిన అవసరం ఉండదు. సభలో అప్పటికప్పుడు పుట్టినదన్న గౌరవం దానికి చాలు.